బతికున్నవాడి పేరు

"ముందా చేతులు కడుక్కోవే. ఊరంతా చూస్తోంది" అన్నాడు గోపి.

దుర్గ కడుక్కోలేదు. నీళ్ళ డ్రమ్ము పక్కన అలాగే నిలబడింది. మోచేతుల దాకా తారు. చీర కుచ్చిళ్ళ మీద తారు. చెదిరిన జుట్టు వెనక్కి తోసుకున్నప్పుడు అంటుకున్నట్టుంది, చెంప మీద కూడా ఒక నల్లటి చార. పాత చెక్క నావకి పూయడానికి ఎప్పుడో కొన్న డబ్బా అది. నావ పోయి ఫైబర్ బోటు వచ్చినా డబ్బా మాత్రం వంటింటి వెనకే పడి ఉంది. తెల్లారగానే చేపల పాటకి వెళ్ళాల్సిన మనిషి, ఈవేళ గంపకి బదులు ఆ డబ్బా పట్టుకుని వెళ్ళింది.

"చూడనీ" అంది. "నా కొడుకు మొహాన్ని చచ్చినోళ్ళ రాయి మీద చెక్కితే నోరు మూసుకుని చూసిన ఊరేగా. నా చేతులు చూస్తే కళ్ళు పోతాయా?"

"ఆడి మొహం అని ఎవరన్నారు నీకు?"

"ఒకళ్ళు అనాలా? కన్నదాన్ని. నాకు తెలీదా?"

గోపి డీజిల్లో ముంచిన గుడ్డ చేత్తో పట్టుకుని నేల చూపులు చూశాడు. నడిసముద్రంలో ఇంజను ఆగిపోతే కంగారు పడకుండా బాగుచేసుకుని వచ్చే మనిషి, ఇంట్లో ఆడవాళ్ళిద్దరి మధ్య మాట పడితే మాత్రం అడకత్తెరలో పోకచెక్కే. పాపం అనాలో, తగిన శాస్తి అనాలో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

కంచె అవతల నిలబడ్డ వాళ్ళలోంచి ఉమాదేవి ఒక అడుగు ముందుకొచ్చింది. దుర్గ ఈడుదే. పక్క వీధి మనిషి.

"దుర్గా, మా పెదనాన్న మొహం మీద కూడా చుక్కలు పడ్డాయే" అంది మెల్లిగా. కోపంగా అనలేదు. అది మరీ బాధ అనిపించింది దుర్గకి.

"తుడుస్తాను వదినా. మీ పెదనాన్నని తుడుస్తాను. నా కొడుకుని మాత్రం తుడవను."

ఉమాదేవి మళ్ళీ కంచె దగ్గరికి వెళ్ళి నిలబడింది.

దివిసీమ పల్లెల నుంచీ, బందరు నుంచీ, గుడివాడ చుట్టుపక్కల నుంచీ కుర్రాళ్ళు ఒకరి వెనక ఒకరు ఒకే బెటాలియన్‌లో చేరుతూ వచ్చారు. దానికి సర్కారు పెట్టిన నంబరేదో ఉంది. ఇక్కడ మాత్రం అది మనోళ్ళ పటాలం. డెబ్బై ఒకటి యుద్ధంలో ఆ పటాలం నుంచి తిరిగిరాని వాళ్ళ పేర్లు ఇంతకాలానికి ఒక నల్ల గ్రానైటు రాయి మీదకి ఎక్కాయి. పేరు పక్కన మొహం కూడా ఉండాలన్నారు. ఇప్పుడు మిషన్లు వచ్చాయి కదా, ఫోటో ఇస్తే రాయి మీద అచ్చు దించినట్టు చెక్కేస్తున్నారు. నిన్న సాయంత్రం గుడివాడ నుంచి లారీలో రాయి దిగింది. తుఫాను షెల్టరు ముందు నిలబెట్టి గుడ్డ చుట్టారు. సముద్రపు గాలికి ఆ గుడ్డ నిలుస్తుందా? గంప ఎత్తుకుని వస్తున్న దుర్గకి, తొలగిన గుడ్డ కింద నుంచి కొడుకు కనిపించాడు. అదే టోపీ. అదే సగం నవ్వు. కింద 'అమరవీరుడు సిపాయి నడకుదుటి భూషణం' అని ఉంది.

భూషణం ఆమె మావగారి పేరు. ఆ పేరే కొడుక్కి పెట్టారు. తాత పేరు మనవడికి పెట్టుకోని ఇల్లెక్కడుంది? అత్తగారు మొగుడి పేరు నోటితో అనకూడదు, కోడలు మావగారి పేరు అనకూడదు. అందుకని వాడు ఇంట్లో బుజ్జి. బడిలో, రికార్డుల్లో, ఇప్పుడు తాత పనిచేసిన పటాలంలోనే సిపాయిగా, వాడు నడకుదుటి భూషణం.

ఆ బుజ్జి ఇప్పుడు సరిహద్దులో ఉన్నాడు. టీవీలో పొద్దస్తమానం బాంబుల బొమ్మలు వేస్తున్నారు. 'అమ్మా, కొన్నాళ్ళు ఫోన్ చెయ్యను, కంగారు పడకు' అని వాడు అన్నది పోయిన వారం. ఆ తర్వాత ఒక్క మాట లేదు. ఎప్పుడు చేసినా అందుబాటులో లేరనే గొంతే. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారు, అలాంటి వారంలో ఈ రాయి.

"లోపల అమ్మ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు" అన్నాడు గోపి.

"నేను ముట్టానా?"

"ఆవిడ వయసేంటి, నీ వయసేంటి?"

"కడుపుకి వయసుంటుందా?"

గోపి గుడ్డని డ్రమ్ము మీద విసిరేసి లోపలికి వెళ్ళిపోయాడు. దుర్గ అతని వెనకే గుమ్మం దాకా వెళ్ళింది. అత్తగారు సత్యవతి మడత మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఉతికిన చీర కట్టుకుంది. ఈవేళ కోసమే తీసి పెట్టుకున్న చీర అది. ఆమె మొగుడికి ఇంతవరకు ఎక్కడా ఒక పువ్వు పెట్టే చోటు లేదు. అక్కడే దహనం చేశామని తంతి వచ్చింది, అంతే. ఉన్న ఒక్క ఫోటో డెబ్బై ఏడు ఉప్పెనలో ట్రంకు పెట్టెతో సహా కొట్టుకుపోయింది. అప్పుడు అయిదేళ్ళ గోపిని వీపుకి కట్టుకుని తాటిచెట్టు మీద గడిపింది ఆవిడ. అంత నీటిలో పిల్లాణ్ణి కాపాడిందే కానీ ఫోటోని కాపాడలేకపోయానని ఇప్పటికీ అంటుంది.

"అత్తా" అంది దుర్గ.

పలకలేదు.

"నీ పెనిమిటి పేరు మీద పూయలేదత్తా. మొహం మీదే పూశాను. నా బిడ్డ మొహం మీద."

తిట్టినా బాగుండేది. ఈ ముప్ఫై ఏళ్ళల్లో ఆవిడ తిట్టని తిట్టు లేదు. మూడు గుంటల పొలం గట్టు మీద నిలబడి నాలుగు ఊళ్ళకి వినపడేలా తిట్టగలదు. ఇవాళ గోడవైపు తిరిగి ఉండిపోయింది.

* * *

ఎండ ముదురుతుండగా ఆటో దిగి పాండురంగారావు గారు వచ్చారు. అసలు కూచిపూడి మనిషి. ఆనాడు పటాలంలో గుమాస్తాగా పనిచేశారు. తిరిగొచ్చాక బందరులో బడి పంతులయ్యారు. కర్ర లేకుండా నడవలేని వయసులో, ఊరూరా తిరిగి, చచ్చిపోయినవాళ్ళ ఇళ్ళు వెతికి, ఈ రాయి నిలబెట్టింది ఆయనే. వస్తూ వస్తూ రాయి దగ్గర ఆగి చూసే వచ్చారని ఆయన మొహమే చెబుతోంది.

"కూచోండి పంతులుగారూ" అని కుర్చీ వేశాడు గోపి.

ఆయన కూర్చోలేదు. దుర్గ చేతులు చూశారు.

"ఎంత పని చేశావమ్మా."

"మీరెంత పని చేశారండీ? బతికున్న పిల్లోడి ఫోటో ఎక్కడ దొరికింది మీకు? ఫేసుబుక్కులో తీశారా? తల్లిని ఒక్కమాట అడగక్కర్లేదా? సైన్యంలో చేసినవాళ్ళేగా, యుద్ధం జరుగుతుంటే ఇలాంటి పని చెయ్యకూడదని తెలీదా మీకు?"

పాండురంగారావు గారు తెల్లబోయారు. గోపి వైపు చూశారు. గోపి కుర్చీ వీపు పట్టుకుని ఎటో చూస్తున్నాడు.

"ఫోటో నేను తియ్యడమేంటమ్మా? మీ ఇంట్లోంచి వచ్చిందే కదా."

"మా ఇంట్లోంచా?"

"గోపీ" అన్నారు ఆయన. "చెప్పలేదా?"

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఊరికే అనలేదు. కంచె అవతల గుసగుసలు ఆగిపోయాయి. దుర్గ మొగుడి ఎదురుగా వచ్చి నిలబడింది.

"నువ్విచ్చావా?"

గోపి కుర్చీని పక్కకి జరిపాడు.

"నిన్నేనయ్యా. నువ్విచ్చావా?"

"ఇచ్చాను" అన్నాడు గోపి. "ఫోటో లేని గడి ఒక్కటీ మనదే ఉంటుందన్నారు. అందరికీ మొహాలు ఉంటాయి, మా నాన్న దగ్గర ఖాళీ నల్ల రాయి ఉంటుంది. నేను మా నాన్నని చూడలేదు దుర్గా. ఆయన పోయాక పుట్టాను. అద్దంలో నా మొహం చూసుకుని ఇలాగే ఉండేవాడా అనుకునేవాణ్ణి. అమ్మేమో 'కాదు, నీది నా పోలిక' అనేది. బుజ్జిగాడు మిలిటరీ బట్టలేసుకుని మొదటిసారి వచ్చినప్పుడు అమ్మ గుమ్మంలో నిలబడిపోయింది, గుర్తుందా? అచ్చం ఆయనే అంది. అందుకని ఇచ్చాను."

"కన్నకొడుకుని తీసుకెళ్ళి చచ్చినోళ్ళ వరసలో నిలబెట్టావు."

"అప్పటికి యుద్ధం లేదే."

"ఇప్పుడుందిగా! మొన్న మొదలైందిగా! రాయి దింపొద్దని ఒక్క మాట అనలేకపోయావా? నోరు పడిపోయిందా?"

"అమ్మ మొహం చూసి అనలేకపోయాను."

"నా మొహం చూడవా మరి?"

అరిచింది. అరిచి, తారు చేతులతో మొహం కప్పుకుంది. మసి పూసుకున్న దెయ్యంలా ఉన్నానని కూడా తోచలేదు ఆమెకి. గోపి ఆమె భుజం మీద చెయ్యి వెయ్యబోయాడు. విదిలించేసింది.

"ఆడిని అనకు. నేనే ఇమ్మన్నాను."

లోపల నుంచి వచ్చిన గొంతు అది. సత్యవతి మంచం మీద లేచి కూర్చుంది.

"నేనే ఇమ్మన్నానే దుర్గా. నన్ను తిట్టు."

అత్తగారు గోడ ఆసరాతో మెల్లిగా గుమ్మంలోకి వచ్చింది.

"మీ మావయ్య మొహం నాకు గుర్తు లేదు" అంది. "ఎన్నేళ్ళ నుంచో గుర్తు లేదు. ఎవరికి చెప్పుకోను? కాపరం చేసింది ఎన్నాళ్ళు గనక. సెలవులకి వచ్చినన్నాళ్ళే. పగలు పెద్దోళ్ళ ముందు తలెత్తి చూడకూడదాయె. మా అత్త పోయింది, ఉప్పెనలో ఊరు పోయింది, ఆయన్ని చూసినోళ్ళంతా పోయారు. నేనొక్కదాన్ని మిగిలాను, నాకేమో మొహం తెలీదు. ఎంత పాపిష్టిదాన్నే. బుజ్జిగాడు ఆ బట్టలేసుకుని వచ్చాక మళ్ళీ దొరికాడనుకున్నాను. అప్పణ్ణుంచి ఆయన్ని తల్చుకుంటే బుజ్జి మొహమే వస్తది."

దుర్గకి జాలి కలిగింది, ఆ జాలి మీదే కోపమూ వచ్చింది. అత్తగారి మీద జాలిపడితే కొడుకుని అప్పగించేసినట్టే అనిపించింది. అందుకే తను తర్వాత జన్మంతా వెనక్కి తీసుకోలేని ప్రశ్న అడిగింది.

"పంతులుగారూ, మీరు మావయ్యని రోజూ చూశారు కదా. ఆ రాయి మీద ఉన్నది మావయ్యా, నా కొడుకా? ఇక్కడే, అందరి ముందూ చెప్పండి."

"ఇప్పుడెందుకమ్మా అదంతా."

"చెప్పండి. పోలికుందా?"

ముసలాయన కర్ర మీదకి వాలారు. సత్యవతి ఆయన వైపు చూస్తోంది. ఆ చూపుకి తట్టుకోలేక ఆయన తల దించుకున్నారు. అబద్ధం చెప్తే సరిపోయేది. కానీ జీవితమంతా ఉన్నవాళ్ళని ఉన్నట్టు, లేనివాళ్ళని లేనట్టు రాసిన చెయ్యి ఆయనది.

"లేదమ్మా" అన్నారు. "పోలిక లేదు. భూషణానిది గుండ్రటి మొహం. చెంపల నిండా మశూచి మచ్చలు. ఫోటో చూసిన రోజే అనుకున్నాను. చెల్లెమ్మ సంతోషం చూసి నోరు మెదపలేదు. క్షమించండి చెల్లెమ్మా."

కంచె అవతల ఎవరో నిట్టూర్చారు.

సత్యవతి కుడిచెయ్యి దానంతటదే పైకి లేచింది. గాల్లో, ఒక మనిషి చెంప ఉండేంత ఎత్తులో ఆగింది. వేళ్ళు కదిలాయి.

"మచ్చలు" అంది. "అవును. గరుకుగా ఉండేది. చేతికి తెలుసు. కళ్ళే మర్చిపోయాయి."

అని చెయ్యి దించుకుని, తిరిగి మంచం దగ్గరికి వెళ్ళిపోయింది. దుర్గ గెలిచింది. అలాంటి గెలుపు పగవాళ్ళకి కూడా వద్దు.

పాండురంగారావు గారు దుర్గ వైపు తిరిగారు.

"తారు అలాగే ఉండనీయండి. దాని మీద పూలదండ వేయిస్తాను. తర్వాత ఆ మొహం చెరిపించేస్తాను. కానీ అమ్మాయ్, పేరు మాత్రం పిలవనీ. సాయంత్రం పటాలంలో హాజరు పిలిచినట్టే పిలుస్తాను. ఇంటివాళ్ళు లేచి 'హాజర్' అనాలి. ఆఖరి సాయంత్రం భూషణం పేరు నేనే పిలిచాను. పలకలేదు. ఇన్నేళ్ళూ ఆ పలకకపోవడం నా చెవుల్లో ఉంది. ఒక్కసారి ఎవరో ఒకరు పలికితే చాలు, నేను పోతాను."

"ఆ పేరు నా కొడుకుదండీ" అంది దుర్గ. "చచ్చినోళ్ళ పేర్లతో కలిపి మైకులో పిలుస్తారు. దేవుడు ఇంటి పేరూ, ఊరూ, తాతా మనవడూ చూసి తీసుకెళ్తాడా? పిలిచారు కదా అని తీసుకెళ్తాడు. వద్దండీ. మీ కాళ్ళు పట్టుకుంటాను. ఆడి ఫోన్ రానీయండి. 'అమ్మా' అని ఒక్క మాట విననీయండి. తర్వాత వెయ్యిసార్లు పిలుచుకోండి."

"కలెక్టరాఫీసు నుంచి వస్తున్నారమ్మా. నడవలేని ముసలివాళ్ళు గుడివాడ నుంచి బయల్దేరారు."

"నా కొడుకు కన్నా వాళ్ళు ఎక్కువా?"

ఆయన ఆటో వైపు తిరిగారు. వెళ్తూ వెళ్తూ గోపితో, "ఫోన్ వస్తే వెంటనే చెప్పు. ఆఖరి నిమిషం దాకా చూస్తాను" అన్నారు.

* * *

మధ్యాహ్నం ఎవరూ వండలేదు. గోపి ఫోను చార్జింగు పెట్టి, దాని ముందే నేల మీద కూర్చున్నాడు. తెలిసినవాళ్ళకల్లా చేశాడు. బుజ్జితో పనిచేసే ఘంటసాల కుర్రాడి ఇంటికి చేశాడు. వాళ్ళకీ ఏమీ తెలీదు. పైగా వాళ్ళే 'మీకేమైనా తెలిసిందా అన్నా' అని ఏడ్చారు.

దుర్గ డీజిల్‌తో చేతులూ మొహమూ తోముకుంది. తారు పోయింది, గోళ్ళ సందుల్లో మాత్రం ఉండిపోయింది. అన్నం లేదు కాబట్టి అటుకులు తడిపి, గిన్నెలో పెట్టి అత్తగారి మంచం దగ్గర పెట్టింది.

"తినత్తా."

"నువ్వు తిన్నావా?"

"తింటాలే."

ఇద్దరూ తినలేదు. ఈగ ఒకటి గిన్నె చుట్టూ తిరిగింది. దుర్గ దాన్ని తోలుతూ కూర్చుంది. చాలాసేపు ఆ ఒక్క పనే చేసింది.

"దుర్గా" అంది సత్యవతి గోడవైపు చూస్తూనే. "కళ్ళు మూసుకో."

"ఎందుకు?"

"మూసుకో. బుజ్జి కనపడుతున్నాడా?"

"ఎందుకు కనపడడు?"

"కుడి కనుబొమ మీద దెబ్బ మచ్చ ఉండాలి. చిన్నప్పుడు లంగరు తగిలింది. కనపడుతోందా?"

దుర్గ కళ్ళు గట్టిగా మూసుకుంది. కొడుకు వచ్చాడు. టోపీ పెట్టుకుని, సగం నవ్వుతో, కదలకుండా. ఫోటోలోని కొడుకు. రాయి మీది కొడుకు. మచ్చ కోసం వెతికింది. ఆ చోట నల్లగా తారు ఉంది. ఎంత తుడిచినా తారే. అన్నం తింటున్నవాణ్ణి, వల భుజాన వేసుకున్నవాణ్ణి, తనతో పోట్లాడి తలుపు ధడాలున వేసినవాణ్ణి ఎవరినైనా తెచ్చుకోవాలని చూసింది. ఒక్కడూ రాలేదు.

కళ్ళు తెరిచింది.

"కనపడట్లేదత్తా" అంది. "నా బిడ్డ నాకు కనపడట్లేదు."

సత్యవతి ఇటు తిరిగింది. తిట్టడం వచ్చిన మనిషికి ఓదార్చడం ఎప్పుడూ సరిగ్గా రాలేదు.

"నేను రాను సాయంత్రం" అంది చివరికి. "నేను రాకపోతే పలికేవాళ్ళుండరు. పలకకపోతే నీ భయం నీకుండదు. నువ్వూ వెళ్ళకు."

"వాళ్ళు పిలుస్తారుగా."

"పిలవనీ. గాలికి పోతది."

* * *

కానీ సాయంత్రం ఇద్దరూ వెళ్ళారు. ఇంట్లో ఉండి మైకులో వినడం ఇంకా కష్టమని దుర్గ వెళ్ళింది. దుర్గని ఒంటరిగా పంపలేక సత్యవతి వెళ్ళింది. షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీల్లో పక్కపక్కనే కూర్చున్నారు. గోపి ఫోను చేత్తో పట్టుకుని, సిగ్నలు బాగుంటుందని షామియానా బయట నిలబడ్డాడు. రాయి మీద ఒక గడికి మాత్రం బంతిపూల దండ అడ్డంగా వేలాడుతోంది. అందరి కళ్ళూ అక్కడికే పోతున్నాయి.

పెద్దవాళ్ళు మాట్లాడారు. దేశం అన్నారు, త్యాగం అన్నారు. ఇప్పటి యుద్ధం గురించి కూడా గట్టిగా మాట్లాడారు. దుర్గకి ఒక్క మాట చెవికెక్కలేదు. గోపి చేతిలో ఫోను వైపే చూస్తూ కూర్చుంది. మోగవే, మోగవే తల్లీ, అని ఆ ఫోనుకే మొక్కుకుంది.

పాండురంగారావు గారు మైకు దగ్గరికొచ్చారు. గోపి వైపు చూశారు. గోపి తల అడ్డంగా ఊపాడు. ముసలాయన మైకు సర్దుకున్నారు.

"మా పటాలంలో సాయంత్రం హాజరు ఇలా ఉండేది" అన్నారు. "పేరు మూడుసార్లు పిలిచేవాణ్ణి. పలికితే ఉన్నట్టు. మూడోసారికీ పలకకపోతే లేనట్టు."

కాగితం లేకుండానే పిలవడం మొదలుపెట్టారు.

"సిపాయి కొక్కిలిగడ్డ అప్పయ్య!"

"హాజర్!" ఉమాదేవి లేచింది. బడిపిల్లలా చెయ్యి కూడా ఎత్తింది. కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది.

"నాయక్ వేమూరి వెంకటరమణ!"

"హాజర్." గుడివాడ నుంచి వచ్చిన ఒక ముసలి తమ్ముడు. లేవలేకపోతే పక్కవాళ్ళు లేపారు.

ఒక్కో పేరూ, ఒక్కో గొంతూ. కొందరు అరిచారు, కొందరి గొంతు వినపడనేలేదు. దుర్గ చీర కొంగు మెలిపెడుతూ కూర్చుంది. పంతులుగారు దాటేస్తారేమో. ఆ ఒక్కటీ దాటేస్తారేమో.

"సిపాయి నడకుదుటి భూషణం!"

ఎవరూ పలకలేదు. వెనక సముద్రం చప్పుడు వినిపించింది. దుర్గ పక్కకి చూసింది. సత్యవతి నిటారుగా కూర్చుని ఉంది. పెదాలు బిగించి ఉన్నాయి.

"సిపాయి నడకుదుటి భూషణం!"

సత్యవతి గొంతు దగ్గర నరం కదిలింది. మాట అక్కడిదాకా వచ్చింది, దుర్గ కళ్ళారా చూసింది. ఆవిడ దాన్ని మింగేసింది. కుర్చీ చేతులు రెండు చేతులతో పట్టుకుంది, లేచిపోతానేమో అని తనని తనే పట్టుకున్నట్టు. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. అప్పుడు అర్థమైంది దుర్గకి. ఈ ముసల్ది పలకదు. మొహం కూడా మిగలని మొగుడికి మిగిలింది ఈ ఒక్క మాట. అది కూడా తన కొడుకు కోసం వదిలేస్తోంది.

మైకులో ముసలాయన ఊపిరి వినపడింది.

"సిపాయి... నడకుదుటి భూషణం!"

మూడోసారి. పలకకపోతే లేనట్టు.

లేనట్టు అన్న మాట దుర్గ ఒంట్లోకి చలిలా దిగింది. పిలిస్తే పోతాడని భయపడింది ఇంతసేపూ. పిలిస్తే పలికేవాళ్ళు లేకపోతే? కొడుకు పేరు ఊరంతా మోగుతోంది, కన్నతల్లి నోరు మూసుకుని కూర్చుంది! కుర్చీ వెనక్కి పడిపోయింది. ఎప్పుడు లేచిందో ఆమెకే తెలీదు.

"హాజర్!" అంది. "హాజరండీ! ఉన్నాడు! మా భూషణం ఉన్నాడు!"

పెళ్ళయ్యాక ఆ పేరు నోటితో అనడం ఆమెకి అదే మొదలు. మావగారి పేరు, కొడుకు పేరు, ఎవరిదని అందో అడిగితే ఆమే చెప్పలేకపోయేది. వేదిక మీద పాండురంగారావు గారు కళ్ళజోడు తీసి, నిలువునా ఏడుస్తున్నారు. సత్యవతి నోరు తెరుచుకుని కోడలి వైపు చూస్తోంది.

అప్పుడు మోగింది ఫోను.

గోపి ఒక్క ఉదుటున చెవి దగ్గర పెట్టుకున్నాడు. దుర్గ అతని పెదాలే చూసింది. 'బుజ్జీ' అంటాడనుకుంది. అనలేదు. నిటారుగా అయ్యాడు.

"అవునండీ" అన్నాడు. "భూషణం ఇల్లేనండీ. నేను... భూషణం తండ్రినండీ."

పుట్టినప్పటి నుంచి ఊళ్ళో అందరికీ భూషణం కొడుకునని చెప్పుకున్న మనిషి. అవతల ఎవరో మాట్లాడుతున్నారు. గోపి వింటున్నాడు. ఒకసారి తలూపాడు. ఇంకోసారి ఊపాడు. ఫోను పట్టుకున్న చెయ్యి మెల్లిగా కిందికి జారింది.

"ఏమన్నారు?" అని అరిచింది దుర్గ కుర్చీల మధ్య నుంచి. "ఏవయ్యా, ఏమన్నారు?"

గోపి తలెత్తాడు. దుర్గ వైపు చూడలేదు. ఆనాడు తంతి అందుకున్న తల్లి వైపు చూశాడు.

సత్యవతి ఆ చూపు చూసింది. చెయ్యి చాపి, కోడలి మణికట్టు గట్టిగా పట్టుకుంది.